మీటరు ఊగుతోంది... గొంతేదీ?

శుక్రవారం రాత్రి పదకొండున్నర. ఆదివారం ఊళ్లో తాతయ్య సహస్ర చంద్ర దర్శనం. నా వంతు పని ఒక్కటే. రెండేళ్ల క్రితం నేను రికార్డు చేసిన తాతయ్య పద్యాలు ఏడింటినీ వరసగా పేర్చి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పొద్దున్నే బస్సెక్కాలి. అరగంట పనే కదా అని మియాపూర్‌లోని మా గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ప్రాజెక్టు తెరవగానే ఏదో చిన్న పెట్టె వచ్చింది. చదవకుండానే ఓకే కొట్టేశాను. స్పేస్ బార్ నొక్కాను. తెర మీద గీత ఎడమ నుంచి కుడికి నడుస్తోంది. పచ్చటి మీటర్లు ఎగిరెగిరి పడుతున్నాయి. చెవిలో మాత్రం చప్పుడు లేదు.

మామూలు పాటైతే 'రేపు చూద్దాంలే' అని పడుకునేవాణ్ణి. ఇది అలా వదిలేసేది కాదు.

మా తాతయ్య తెనాలి దగ్గర పల్లెటూరి రైతు. పగలు పొలం, రాత్రి హార్మోనియం. నలభై ఏళ్లు పద్యనాటకాలకి వాయించాడు. కాళ్లతో తొక్కుతూ రెండు చేతులా వాయించే పెద్ద హార్మోనియం ఆయనది. రాయబారం ఆడినా, హరిశ్చంద్ర ఆడినా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ముందు తాతయ్య ఖాళీగా ఉన్నాడో లేదో కనుక్కుని తర్వాతే తేదీ పెట్టుకునేవారట. వేషం ఎప్పుడూ కట్టలేదు గానీ, ఇంట్లో పద్యం ఎత్తుకుంటే వీధిలో వెళ్లేవాళ్లు ఆగేవాళ్లు. కిందటేడాది సంక్రాంతి వెళ్లిన వారానికి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. ఫిజియోథెరపీతో చెయ్యి కాస్త కదులుతోంది. మాట రాలేదు. కాబట్టి తాతయ్య గొంతంటూ ఇప్పుడు ఎక్కడైనా ఉందంటే, నా హార్డ్ డిస్క్‌లోనే ఉంది. ఇంకోసారి పాడించుకుందామంటే కుదరదు.

అలాంటిది మీటరు ఊగుతోంది, గొంతు రావడం లేదు.

ఆఫీసులో ఒకలా, ఇంట్లో ఒకలా

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఆఫీసులో ఎవరైనా జూనియర్ వచ్చి 'అన్నా, పని చేయట్లేదు' అంటే, 'ఎక్కడిదాకా పని చేస్తోందో చూశావా?' అని అడగడం నాకు అలవాటు. ఆ రాత్రి నన్ను నేను ఆ మాట అడుక్కోలేదు. డ్రైవర్ తీసేసి మళ్లీ వేశాను. సౌండ్ సెట్టింగుల్లో కనిపించిన ప్రతి గడీ మార్చాను. మార్చినదాన్ని వెనక్కి పెట్టకుండానే ఇంకోటి మార్చాను. కంప్యూటర్ మూడుసార్లు రీస్టార్ట్ చేశాను. వినపడట్లేదు కదా అని వాల్యూమ్‌లన్నీ చివరిదాకా పెంచేశాను. ఒంటిగంటకి ఏది ఎక్కడ తగిలిందో, బ్రౌజర్‌లో ఎప్పుడో తెరిచి మర్చిపోయిన వీడియో ఒక్కసారిగా హెడ్‌ఫోన్‌లో పేలింది. హెడ్‌ఫోన్ తీసి మంచం మీదకి విసిరేశాను. పది నిమిషాలు చెవి గుయ్‌మంటూనే ఉంది.

అందుకే, ఇంట్లో పాటలు రికార్డు చేసుకునే తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ నా మొదటి మాట. సౌండ్ రానప్పుడు వాల్యూమ్ పెంచకండి, తగ్గించండి. హెడ్‌ఫోన్ చెవి మీద నుంచి తీసి మెడలో వేసుకోండి. ఆగిన సౌండ్ వచ్చేటప్పుడు చెప్పి రాదు.

చెవి గుయ్‌మంటూ కూర్చున్నప్పుడు తాతయ్య కాలవ గుర్తొచ్చింది.

మా పొలం కాలవ శివార్లో ఉండేది. కృష్ణ నీళ్లు అందరి పొలాలూ దాటుకుని చివరికి మాకు రావాలి. నీళ్లు రానిరోజున పక్క పొలాలవాళ్లు తమ బోదెలోనే పార వేసి తవ్వుకునేవాళ్లు. తాతయ్య పార ముట్టుకునేవాడు కాదు. సైకిలేసుకుని కాలవగట్టు మీద పైకి వెళ్లేవాడు. వెనక నేను కూర్చునేవాణ్ణి. ఒక తూము దగ్గర ఆగి, 'ఇక్కడ నీళ్లున్నయ్యా? లేవు. పద పైకి' అనేవాడు. ఇంకో తూము. 'ఇక్కడ? ఉన్నయ్. అయితే గండి ఈ రెంటి మధ్యేరా' అనేవాడు. అక్కడికెళ్లి చూస్తే గట్టు తెగో, ఎవరో అడ్డం వేసుకునో కనిపించేది.

ఇంజినీరింగ్‌లో ఇదే పద్ధతికి ఇంగ్లిష్ పేరు పెట్టి నాకు ఒక సెమిస్టర్ చెప్పారు. తాతయ్య సైకిల్ మీద చెప్పాడు.

సౌండ్ కాలవ

పాటలు రికార్డు చేసి మిక్స్ చేసే సాఫ్ట్‌వేర్‌ని డిజిటల్ ఆడియో వర్క్‌స్టేషన్ అంటారు. ఎఫ్ఎల్ స్టూడియో, ఏబుల్‌టన్ లైవ్, క్యూబేస్, రీపర్, లాజిక్ ప్రో అన్నీ ఈ జాతివే. పేరేదైనా లోపల పారే కాలవ ఒక్కటే. ముందు మూలం, అంటే రికార్డు చేసిన ఫైలో, మైకో, కీబోర్డుతో వాయించే సాఫ్ట్‌వేర్ వాయిద్యమో. అక్కణ్ణుంచి ట్రాక్. ట్రాక్ మీద ఎఫెక్టులు, ఫేడర్. ట్రాకులన్నీ కలిసేచోట మాస్టర్. మాస్టర్ నుంచి డ్రైవర్. డ్రైవర్ నుంచి కంప్యూటర్ సౌండ్ కార్డు, లేదా మైకూ హెడ్‌ఫోనూ గుచ్చుకునే చిన్న పెట్టె. దాన్నే ఆడియో ఇంటర్‌ఫేస్ అంటాం. అక్కణ్ణుంచి వైరు, హెడ్‌ఫోన్, చెవి.

దీంట్లో తూములు మీటర్లు. ప్రతి ట్రాక్ పక్కనా ఒకటి, మాస్టర్ పక్కన ఒకటి ఊగుతుంటాయి. సౌండ్ రానప్పుడు ముందు చూడాల్సింది మాస్టర్ మీటరు. అది ఊగుతోందంటే సాఫ్ట్‌వేర్ లోపల అంతా బాగానే ఉంది, గండి కిందవైపు ఉంది. ఊగట్లేదంటే గండి పైన ఉంది. ఈ ఒక్క ప్రశ్నతో సగం కాలవ వెతకనక్కర్లేకుండా పోతుంది.

నా మాస్టర్ మీటరు మొదటి నిమిషం నుంచీ ఊగుతూనే ఉంది. నేను మాత్రం రెండు గంటలు పైనా కిందా అన్నీ తవ్వాను.

గండి కిందవైపు ఉంటే

ఆడియో సెట్టింగులు తెరిచి, సౌండ్ ఏ పరికరానికి వెళ్తోందో చదివాను. నా ఇంటర్‌ఫేస్ పేరు లేదు. మానిటర్ పేరు ఉంది! రెండు నెలల కింద కొత్త మానిటర్ కొన్నాను. హెచ్‌డీఎంఐ వైరులో బొమ్మతోపాటు సౌండ్ కూడా వెళ్తుంది. నా కంప్యూటర్ దాన్ని కూడా ఒక స్పీకర్ కిందే లెక్కేసుకుంది. ఆ మానిటర్‌కి అసలు స్పీకర్లే లేవు. తాతయ్య రెండు గంటలుగా పాడుతూనే ఉన్నాడు, స్పీకర్లు లేని తెరలోకి.

జాబితాలో ఇంటర్‌ఫేస్ పేరు ఎంచుకున్నాను. వాల్యూమ్ బాగా తగ్గించి స్పేస్ బార్ నొక్కాను. హార్మోనియం వచ్చింది. దాని మీద తాతయ్య మొదటి పద్యం ఎత్తుకున్నాడు. ఒంటిగంటన్నరకి ఒక్కణ్ణే కూర్చుని నవ్వుకున్నాను.

మీటరు ఊగుతూ సౌండ్ రాకపోతే మీరు చూడాల్సినవి ఇవి. మొదటిది, నాలాగే తప్పు పరికరం. మానిటర్, టీవీ, ఎప్పుడో జత చేసి బ్యాగులో పెట్టిన బ్లూటూత్ ఇయర్‌ఫోన్, ఏదైనా కావొచ్చు. రీపర్‌లో ప్రిఫరెన్సెస్‌లో ఆడియో కింద డివైస్, ఏబుల్‌టన్‌లో సెట్టింగ్స్‌లో ఆడియో, ఎఫ్ఎల్ స్టూడియోలో ఆప్షన్స్ కింద ఆడియో సెట్టింగ్స్, క్యూబేస్‌లో స్టూడియో సెటప్. అక్కడ కనిపించే పేరు, మీ చెవికి ఉన్న వైరు గుచ్చిన పరికరం పేరు ఒకటేనా, కాదా? అంతే చూడండి.

రెండోది డ్రైవర్. విండోస్‌లో ఆసియో అనే మాట తరచూ వినిపిస్తుంది. క్యూబేస్ తయారుచేసే స్టైన్‌బర్గ్ సంస్థ తెచ్చిన పద్ధతి ఇది. విండోస్ తన మామూలు దారిలో అన్ని ప్రోగ్రాముల సౌండ్లనీ కలిపి పంపుతుంది. ఆసియో ఆ దారి తప్పించి నేరుగా పరికరంతో మాట్లాడుతుంది. అందుకే కీ నొక్కిన వెంటనే సౌండ్ వస్తుంది. దానివల్ల చిక్కు కూడా ఉంది. కొన్ని డ్రైవర్లు ఒకసారి ఒక ప్రోగ్రాముకే చోటిస్తాయి. బ్రౌజర్ ముందే కూర్చుంటే మీ సాఫ్ట్‌వేర్‌కి సీటు దొరకదు. మిగతావన్నీ మూసి చూడండి. ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చిన సొంత ఆసియో డ్రైవర్ ఉంటే అదే వాడండి. లేనివాళ్లకే ఆసియో ఫర్ ఆల్ లాంటివి.

మూడోది, ఇంటర్‌ఫేస్ మీదుండే గుండీలు. చాలావాటికి ఒక పక్కకి తిప్పితే మైకు సౌండ్, ఇంకో పక్కకి తిప్పితే కంప్యూటర్ సౌండ్ వినిపించే గుండీ ఉంటుంది. పాడేటప్పుడు మైకు వైపు పూర్తిగా తిప్పి మర్చిపోతే, తర్వాత కంప్యూటర్ నుంచి ఏమీ వినపడదు. నాలుగోది, అవుట్‌పుట్ నంబర్లు. పెట్టెకి నాలుగు దారులుంటే హెడ్‌ఫోన్‌కి మామూలుగా 1, 2 వస్తాయి. సాఫ్ట్‌వేర్‌లో 3, 4 ఎంచుకుని ఉంటే మీటరు ఊగుతుంది, చెవికి రాదు.

గండి పైనుంటే

మాస్టర్ మీటరు కదలట్లేదనుకోండి. అప్పుడు పైకి, ట్రాక్ మీటర్ల దగ్గరికి వెళ్లాలి. ట్రాక్ మీటరు ఊగుతూ మాస్టర్ ఊగకపోతే, ఆ ట్రాక్‌కి మాస్టర్‌తో సంబంధం తెగిందని అర్థం. ట్రాక్ రూటింగ్‌లో మాస్టర్‌కి పంపే గడి టిక్ పోయి ఉంటుంది, లేదా మధ్యలోని గ్రూప్ ట్రాక్ మ్యూట్‌లో ఉంటుంది.

ట్రాక్ మీటరు కూడా కదలకపోతే ముందు మ్యూట్ చూడండి. తర్వాత సోలో. సోలో మ్యూట్ కన్నా ప్రమాదం. ఎక్కడో అరవయ్యో ట్రాక్ మీద ఒక్క సోలో గుండీ వెలిగి ఉంటే మిగతా యాభైతొమ్మిదీ నోరు మూసుకుంటాయి. ఎఫ్ఎల్ స్టూడియోలో ప్యాటర్న్, సాంగ్ అని రెండు పద్ధతులున్నాయి. బీట్ ప్యాటర్న్‌లో రాసి, సాంగ్ పద్ధతిలో ప్లే నొక్కితే, ప్లేలిస్ట్ ఖాళీగా ఉన్నంతసేపూ ఏమీ రాదు. మొదటివారం అందరూ పడే గొయ్యి అది.

కీబోర్డు వాయించే పిల్లలకి ఇంకో సంగతి. మిడి అంటే సౌండ్ కాదు. 1983లో వేరువేరు కంపెనీల కీబోర్డులు ఒకదానితో ఒకటి మాట్లాడుకోడానికి వచ్చిన భాష అది. ఏ మెట్టు నొక్కారు, ఎంత గట్టిగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, ఇలాంటి సూచనలే అందులో ఉంటాయి. నాటకం పుస్తకం లాంటిది, పాడేవాడు వేరే ఉండాలి. ట్రాక్ మీద వాయిద్యం ప్లగిన్ లేకపోయినా, దాని శాంపిల్ లైబ్రరీ ఉన్న హార్డ్ డిస్క్ ఊడదీసినా, తెర మీద నోట్లు కనిపిస్తాయి, సౌండ్ రాదు.

మైకుతో పాడుతుంటే ఏమీ ఎక్కట్లేదా? కండెన్సర్ మైకుకి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి, ఇంటర్‌ఫేస్ మీద ఆ గుండీ నొక్కారా చూడండి. నొక్కేముందు వాల్యూమ్ తగ్గించండి. ట్రాక్‌లో రికార్డు ఎర్రగుండీ, మానిటర్ గుండీ ఆన్‌లో ఉండాలి. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ ప్రైవసీ సెట్టింగుల్లో మైక్రోఫోన్ అనుమతి ఉంటుంది. అక్కడ కాదన్నామంటే ఒక్కోసారి ఏ ఎర్రరూ రాదు, నిశ్శబ్దమే రికార్డవుతుంది.

నా గండి వీటిలో లేదు. ఇంకా పైన, కాలవ పుట్టేచోటే ఉంది.

తెర మీద ఉంది, డిస్కులో లేదు

నాలుగు పద్యాలు బ్రహ్మాండంగా వచ్చాయి. అయిదోది మొదలయ్యింది. హార్మోనియం ఉంది, తాతయ్య లేడు. కాదు, ఉన్నాడు. ఎక్కడో పక్క గదిలోంచి పాడుతున్నట్టు సన్నగా. ఆరోదీ అంతే. ఏడోదీ అంతే.

ట్రాక్ మీటరు కదలట్లేదు. మ్యూట్ లేదు, సోలో లేదు. ఆ ముక్క మీద నొక్కి చూస్తే, ఫైలు దొరకడం లేదని ఉంది. రాత్రి చదవకుండా ఓకే కొట్టిన పెట్టె చెప్పిందీ అదే.

అప్పుడు మొత్తం గుర్తొచ్చింది. రికార్డింగ్ రెండురోజులు జరిగింది. మొదటిరోజు రెండు మైకులు, ఒకటి గొంతుకి, ఒకటి హార్మోనియానికి. రెండోరోజు ఒక మైకు వైరు పోయింది. గొంతుని ఫ్రెండ్ దగ్గర తెచ్చిన చిన్న చేతి రికార్డర్‌తో తీశాను. తర్వాత ఆ మూడు ఫైళ్లనీ పాత ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్ మీద పడేసి, అక్కణ్ణుంచి లాగి ప్రాజెక్టులో వదిలాను. ఇక్కడే చాలామందికి తెలియని సంగతి ఉంది. అలా లాగి వదిలినప్పుడు, సెట్టింగుని బట్టి, సాఫ్ట్‌వేర్ ఫైలుని తన దగ్గరికి కాపీ చేసుకోకపోవచ్చు. 'ఫలానా చోట ఉంది' అని చిరునామా మాత్రం రాసుకుంటుంది. తర్వాత నేను కొత్త కంప్యూటర్ కొని, ప్రాజెక్టు ఫోల్డర్ ఒక్కటే కాపీ చేసుకున్నాను. చిరునామా వచ్చింది, ఇల్లు రాలేదు.

పాత ల్యాప్‌టాప్ అక్క కొడుక్కి ఇచ్చాను. తెల్లవారి ఆరింటికి బస్టాండు నుంచి అక్కకి ఫోన్ చేశాను.

"అది వేసవిలోనే ఆగిపోయింది కదరా. షాపులో ఇస్తే ఫార్మాట్ కొట్టిచ్చారు. ఏం, ఏమన్నా కావాలా అందులో?"

"ఏం లేదులే అక్కా" అన్నాను.

ఫ్రెండ్‌కి చేశాను. ఆ రికార్డర్ కార్డులో ఈ రెండేళ్లలో ఎన్ని పెళ్లిళ్లు ఎక్కించాడో వాడికే తెలియదు.

బస్సు సూర్యాపేట దాటాక అక్కే మళ్లీ చేసింది. "ఒరేయ్, నువ్వు అప్పట్లో ఫ్యామిలీ గ్రూపులో తాతయ్య పద్యాలు రెండు పెట్టావు గుర్తుందా? నా ఫోన్లో లేవు. అమ్మని అడుగు, అమ్మ ఏదీ డిలీట్ చెయ్యదు."

నేను పూర్తిగా మర్చిపోయాను. రెండోరోజు రికార్డింగ్ అయిన రాత్రి, ఎలా ఉందో వినమని అయిదూ ఆరూ ఎంపీ3 చేసి వాట్సాప్‌లో పెట్టాను. అమ్మకి ఫోన్ చేస్తే, "ఉండకేం? రోజూ పూజప్పుడు అవేగా పెట్టుకుంటున్నా" అంది.

అసలు ఫైళ్లంత నాణ్యత లేదు, గొంతునీ హార్మోనియాన్నీ విడివిడిగా సరిచేసే వీల్లేదు. అయినా తాతయ్య గొంతు నిండుగా ఉంది.

ఏడో పద్యం మాత్రం నేను ఎవరికీ పంపలేదు. దాని గొంతు ఫైలు పోయింది. మిగిలింది హార్మోనియం మైకులో పడిన ఆ సన్నటి గొంతే. ఒకే గదిలో రెండు మైకులు పెడితే ఒకదాని సౌండ్ ఇంకోదాంట్లో పడుతుంది. అది రాకూడదని మేం దుప్పట్లు అడ్డం కడతాం, మైకు మూతి తిప్పుతాం. ఆరోజు నాకు అంత తెలివిలేదు కాబట్టి బతికిపోయాను. బస్సులోనే ల్యాప్‌టాప్ తెరిచి, ఈక్వలైజర్‌తో హార్మోనియం గరగర కాస్త తగ్గించి, గొంతు ఉండే భాగాన్ని కొద్దిగా పైకి తీశాను. ఎక్కువ లాగితే గొంతే రేకుడబ్బాలా మోగుతోంది. దూరంగా ఉంటే ఉందిలే అని అక్కడితో ఆపేశాను.

మైక్‌సెట్ ఆయన మాట

శనివారం సాయంత్రం ఇంటిముందు షామియానా కింద రెండు బాక్సులు పెట్టారు. పెన్‌డ్రైవ్ ఇచ్చాను. మొదటి పద్యం, అన్నిట్లోకీ బాగా వచ్చింది. హార్మోనియం వీధంతా మోగింది. గొంతు లేదు. ఉన్నా, ఏడో పద్యంలాగే ఎక్కడో దూరంగా.

మైక్‌సెట్ ఆయన నావైపు చూసి, "బాబూ, మ్యూజిక్ ఉందిగానీ పాట లేదే?" అన్నాడు.

ఈసారి కంగారుపడలేదు. హెడ్‌ఫోన్ పెట్టి చూశాను, గొంతు ఉంది. బాక్సుల్లో లేదు. రెంటి మధ్య తేడా ఏమిటి? హెడ్‌ఫోన్‌లో ఎడమ వేరు, కుడి వేరు. ఆయన యాంప్లిఫయర్ రెంటినీ కలిపి ఒకటి చేసి పంపుతోంది. దాన్ని మోనో అంటారు. దాంతో విషయం తెలిసిపోయింది. రెండేళ్ల కింద, గొంతు హెడ్‌ఫోన్‌లో వెడల్పుగా వినిపించాలని ఒక వీడియోలో చూసిన చిట్కా వాడాను. అదే గొంతుని ఎడమకొకటి, కుడికొకటి పెట్టి, ఒకదాన్ని తలకిందులు చేయడం. విడివిడిగా వింటే వెడల్పుగానే ఉంటుంది. కలిపితే ఒకటి పైకి లేచినచోట ఇంకోటి అంతే కిందికి పోతుంది. కూడితే సున్నా. అయిదుకి మైనస్ అయిదు కలిపినట్టే.

తలకిందులు చేసే గుండీ మీద సున్నాకి అడ్డగీత కొట్టిన గుర్తు ఉంటుంది. నాలుగు పద్యాలకీ అది తీసేసి మళ్లీ ఎక్కించి ఇచ్చాను. పది నిమిషాల పని. గొంతు వీధిలోకి వచ్చింది. మీరు ఏ పాట పూర్తిచేసినా చివర్లో ఒక్కసారి మాస్టర్ మీద మోనో గుండీ నొక్కి వినండి. మన ఊళ్లల్లో గుడి మైకు, పెళ్లి బాక్సు చాలావరకు మోనోయే.

పడుకునేముందు ఇవి చేసేయండి

పాట రికార్డయిన రోజే, అలసిపోయినా సరే, ఫైళ్లన్నీ ఒకేచోటికి చేర్చండి. రీపర్‌లో సేవ్ యాజ్ చేసేటప్పుడు మీడియా అంతా ప్రాజెక్టు ఫోల్డర్‌లోకి కాపీ చేసే గడి ఉంటుంది. ఏబుల్‌టన్‌లో కలెక్ట్ ఆల్ అండ్ సేవ్. క్యూబేస్‌లో ప్రిపేర్ ఆర్కైవ్. ఎఫ్ఎల్ స్టూడియోలో జిప్డ్ లూప్ ప్యాకేజ్. తర్వాత ఆ ఫోల్డర్ ఇంకో డిస్కులో ఒకటి, ఇంటికి దూరంగా ఇంకోటి.

రెండోది, ప్రతి ట్రాక్‌నీ మొదటినుంచి చివరిదాకా విడి వేవ్ ఫైలుగా తీసి పెట్టండి. పదేళ్ల తర్వాత ఆ సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోవచ్చు, ప్లగిన్ లేకపోవచ్చు, వేవ్ ఫైలు ఏదైనా తెరుస్తుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక మోనో ట్రాక్ నిమిషానికి 8.6 ఎంబీ చిల్లర. మనం రోజూ ఫార్వర్డ్ చేసే వీడియోల ముందు అదెంత?

మూడోది, సౌండ్ ఆగిపోతే ఏదీ మార్చకముందే ప్రాజెక్టుని వేరే పేరుతో కాపీ చేయండి. ఒకసారి ఒక్కటే మార్చండి. ఫలితం లేకపోతే దాన్ని వెనక్కి పెట్టి ఇంకోటి చూడండి. ఏం మార్చారో కాగితం మీద రాసుకోండి. పెట్టె ఏదైనా వస్తే చదివి ఓకే కొట్టండి. ఈ ఆఖరిది నాకు నేనే చెప్పుకుంటున్నాను.

వన్స్ మోర్

ఆదివారం పూజ అయ్యాక తాతయ్యని వాలుకుర్చీలో షామియానా కిందకి తెచ్చి కూర్చోబెట్టారు. చుట్టాలు, ఊరివాళ్లు, పాత నాటకాలవాళ్లు అయిదారుగురు వచ్చారు. ల్యాప్‌టాప్ నేనే పట్టుకున్నాను. మొదటి పద్యం రాగానే కబుర్లు ఆగిపోయాయి. తాతయ్య తల తిప్పి బాక్సు వైపు చూశాడు. తర్వాత అమ్మమ్మ వైపు. అమ్మమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. నేను అటు చూడలేదు.

నాలుగు పద్యాలయ్యాయి. వాట్సాప్ పద్యాలు రెండూ అయ్యాయి. తేడా ఎవరికీ తెలియలేదు. ఏడోది పెట్టేముందు కాస్త భయమేసింది. ముందే చెప్పాను, 'దీంట్లో గొంతు సరిగ్గా లేదు' అని.

హార్మోనియం నిండుగా మొదలైంది. వెనక తాతయ్య గొంతు, దూరంగా. నాటకం జరుగుతుంటే పొలిమేరలో నిలబడి విన్నట్టుంది. పిల్లలు మళ్లీ అల్లరి మొదలెట్టారు. పెద్దవాళ్లు మాత్రం కుర్చీలు ముందుకి జరుపుకున్నారు. నేను తాతయ్య కాళ్ల వైపు చూశాను. కుడికాలు అలాగే ఉంది. ఎడమకాలు, చెప్పు వదిలేసి, నేల మీద మెల్లగా తొక్కుతోంది. లేస్తోంది, నొక్కుతోంది. హార్మోనియం తొక్కినట్టు. ఆ పద్యంలో ఆయనకి గొంతు అక్కర్లేదు, హార్మోనియం వినిపిస్తోంది కదా. ఆయన వాయిస్తున్నాడు.

పద్యం అయిపోయింది. వెనక వరసలోంచి ఒక ముసలాయన, ఒకప్పుడు తాతయ్య హార్మోనియానికి కృష్ణుడి వేషం కట్టినాయన, కర్ర ఊతంగా లేచి నిలబడి గట్టిగా అరిచాడు.

"వన్స్ మోర్!"

అందరూ నవ్వారు. తాతయ్య కూడా సగం మూతితో నవ్వాడు. ఎడమకాలు మళ్లీ నేల మీద పెట్టి సిద్ధంగా కూర్చున్నాడు. నేను స్పేస్ బార్ నొక్కాను.